యజమానికి బీమా లేనప్పుడు గాయపడిన కార్మికుని హక్కులు

పనిలో గాయపడినవాడు చిన్న కార్ఖానాలలో తరచుగా వినెడి మాట ఒకటి కలదు: “మాకు బీమా లేదు.” ఆ మాట విని మనవారు అనేకులు ఇంటికి పోయి ఊరకుందురు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రములో ఆ మాట నిజమైనను, దానివలన కార్మికుని హక్కు సాధారణముగా పోదు. యజమాని చందా కట్టకపోవుట యజమాని తప్పు. ఆ తప్పునకు శిక్ష యజమానికే గాని గాయపడినవానికి కాదు. ఈ సంగతిని కేంబ్రిడ్జ్ నగరమున, చుట్టుపట్ల ఊళ్ళలో నివసించు మన కుటుంబములకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయబడినది. ఇది సాధారణ సమాచారము మాత్రమే. ఎవరి విషయము వారు న్యాయసహాయకునితో మాటలాడి నిర్ణయించుకొనవలెను.

మా ఆలయములో జరిగిన సంగతి

కొన్ని ఏండ్ల క్రిందట మా భక్తులలో ఒక యువకునికి ఎడమచేతి వేళ్ళు రెండు కోతయంత్రములో తెగెను. అతడు చెక్కబీరువాలు చేయు చిన్న కార్ఖానాలో పనిచేయుచుండెను. యజమాని అతనిని తన బండిలో ఆసుపత్రికి తీసికొనిపోయి, “ఇంటిలో తెగినదని చెప్పుము, నాకు బీమా లేదు” అనెను. చేతిలో కొంత డబ్బు పెట్టెను. యువకుడు అట్లే చెప్పెను.

తరువాతి శనివారము అతడు నా యొద్దకు వచ్చి, “మామయ్యా, ఆయనకు బీమా లేదట, నేనేమి చేయవలెను?” అని అడిగెను. నేను తెలియక, “బీమా లేనివాని నుండి ఏమి వచ్చును నాయనా” అంటిని. సమితివారము పళ్ళెము త్రిప్పి చందా పోగుచేసి ఇచ్చితిమి. మంచి పని చేసితిమనుకొంటిమి. నాలుగు నెలలు గడచిన తరువాత, కార్మిక సంఘములో పనిచేయు మా భక్తురాలొకతె ఈ సంగతి విని, “దరఖాస్తుకు ఆరు నెలలే గడువు. ఇంతవరకు ఎందుకు ఊరకున్నారు?” అని మమ్ము మందలించెను. అతడు ఐదవ నెలలో దరఖాస్తు పెట్టెను. ఆసుపత్రిలో మొదట చెప్పిన అబద్ధమును సరిదిద్దుటకు వ్రాతపూర్వకముగా వివరణ ఇయ్యవలసి వచ్చెను. ప్రక్కన పనిచేసినవాని సాక్ష్యము కావలసి వచ్చెను. చివరకు అతని దరఖాస్తు అంగీకరింపబడెను. నా మాట విని ఇంకొక రెండు నెలలు ఊరకుండినచో అతని గతి ఏమగునో అని నేను ఇప్పటికిని తలచుకొనుచుందును.

మొదట నాలుగు మాటలు

తెలుగు మరల నేర్చుకొనుచున్న చదువరుల కొరకు ఈ మాటల అర్థము ముందుగా చెప్పుచున్నాను.

పరిహారము: జరిగిన నష్టమునకు బదులుగా ఇచ్చెడి సొమ్ము.

చందా: బీమా నిధికి యజమాని కట్టెడి సొమ్ము.

నమోదు: ప్రభుత్వపు పుస్తకములో పేరు వ్రాయించుకొనుట.

దావా: న్యాయస్థానములో వేసెడి వ్యాజ్యము.

తోటలనాటి స్థితి

మన పూర్వులు కోరంగి, విశాఖపట్టణము, చెన్నపట్టణము రేవుల నుండి ఓడలెక్కి మారిషస్, నేటాల్, ఫిజీ, మలయా దేశముల తోటలకు పోయిరి. మారిషస్‌కు ఒప్పందపు కూలీల వలస 1834లో మొదలయ్యెను. నేటాల్‌కు 1860లోను, ఫిజీకి 1879లోను మొదటి ఓడలు చేరెను. చెరకు కొట్టుటలో కత్తి కాలికి తగులుట, గానుగ రోలర్లలో చేయి నలిగిపోవుట ఆ పనిలోని ప్రమాదములు. తోటలో ఆసుపత్రి ఉండవలెనని చట్టములు చెప్పినను, చేయి కోల్పోయినవాని మిగిలిన జీవితమునకు బాధ్యత వహించు నిధి ఏదియు ఆ కాలమున లేదు. మారిషస్‌లో అనుమతి లేక ఒక్క దినము పని మానినవానికి రెండు దినముల జీతము కోసెడివారు. దానిని డబుల్ కట్ అని పిలిచిరి. పని మానుటకు భయపడు అలవాటు మన ఇండ్లలో ఆ నాటి నుండి వచ్చినదే.

ఆ కాలమున ఇంగ్లాండులోని కార్మికుని గతియు గొప్పది కాదు. ఒక మాంసపు వ్యాపారి వద్ద జీతమునకున్నవాడు, అధిక భారము వేసిన బండి విరిగి తొడ ఎముక విరుగగా, యజమానిపై దావా వేసెను. జూరీ అతనికి 100 పౌండ్లు ఇప్పించెను గాని 1837లో పై న్యాయమూర్తులు ఆ తీర్పును కొట్టివేసిరి. ఆ వ్యాజ్యము ప్రీస్ట్‌లీ, ఫౌలర్ పేర్లతో ప్రసిద్ధమైనది. దాని తరువాత యజమానులకు మూడు కవచములు స్థిరపడెను. తోటి పనివాని పొరపాటైనచో యజమానికి బాధ్యత లేదు. గాయపడినవానిది కొంచెమైనను తప్పున్నచో పరిహారము లేదు. ప్రమాదము తెలిసియు పనిలో చేరినవాడు దానిని అంగీకరించినట్లే. ఆంగ్లేయుల చట్టమును అనుసరించిన ఒంటారియోలో కూడ గాయపడినవారు ఈ మూడు కవచములను ఎదుర్కొనవలసి వచ్చెను.

ఒంటారియోలో జరిగిన మార్పు

ఈ అన్యాయమును పరిశీలించుటకు 1910లో ఒంటారియో ప్రభుత్వము ప్రధాన న్యాయమూర్తి సర్ విలియం మెరెడిత్‌ను నియమించెను. ఆయన జర్మనీ మొదలగు దేశముల పద్ధతులను పరిశీలించి 1913లో తుది నివేదిక సమర్పించెను. 1914లో చట్టము చేయబడి 1915 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను.

ఆయన చూపిన మార్గము ఇది. కార్మికుడు యజమానిపై దావా వేయు హక్కును వదులుకొనును. దానికి బదులుగా, తప్పు ఎవరిదని అడుగకుండ, గాయపడిన ప్రతివానికి పరిహారము దొరకును. యజమానులందరు కలిసి ఒకే నిధికి చందా కట్టుదురు. ఆ నిధిని స్వతంత్రమైన బోర్డు నడుపును. కార్మికుని జీతము నుండి చందా కోయరాదు.

నిధి అందరిది కావుటలోనే మన ప్రశ్నకు సమాధానమున్నది. పరిహారము ఒక్క యజమాని సంచి నుండి వచ్చునదైనచో, ఆ యజమాని దివాలా తీసినను, పారిపోయినను, చందా ఎగగొట్టినను కార్మికుడు నష్టపోవును. ఉమ్మడి నిధి ఉన్నందున ఒక యజమాని కట్టకున్నను పరిహారము ఆగదు. ఇప్పుడు అమలులో ఉన్నది 1997లో చేయబడి 1998 జనవరి 1 నుండి వచ్చిన చట్టము. దీనిని నడుపు సంస్థ పేరు వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ ఇన్సూరెన్స్ బోర్డు. ఇకమీద దీనిని బోర్డు అని వ్రాసెదను.

యజమాని నమోదు చేసుకొననప్పుడు

చట్టము పరిశ్రమలను జాబితాలుగా విభజించినది. మొదటి జాబితాలో కార్ఖానాలు, గిడ్డంగులు, కట్టడపు పనులు, రవాణా, వ్యవసాయము, హోటళ్ళు మొదలగునవి ఉన్నవి. ఈ పరిశ్రమలలో ఉమ్మడి నిధి బాధ్యత వహించును. రెండవ జాబితాలో రైల్వేలు, నగరపాలక సంస్థలు మొదలగునవి ఉన్నవి. వీటిలో ఒక్కొక్క యజమాని తన కార్మికుల పరిహారపు ఖర్చును తానే భరించును. ఐనను దరఖాస్తును నిర్ణయించునది బోర్డే.

మొదటి జాబితాలోని యజమాని మొదటి పనివానిని చేర్చుకొనిన 10 దినములలో బోర్డు వద్ద నమోదు చేసుకొనవలెను. అట్లు చేయకపోవుట నేరము. ఐనను కార్మికుని రక్షణ ఆ నమోదును బట్టి ఉండదు. పరిశ్రమ జాబితాలో ఉన్నదా, గాయపడినవాడు కార్మికుడా, గాయము పనివలన కలిగినదా అని బోర్డు చూచును. చెల్లింపబడని చందాను బోర్డు యజమాని నుండి వసూలు చేసికొనును. అది వారిద్దరి లెక్క. గాయపడినవాడు దానికొరకు వేచియుండనక్కరలేదు.

ఈ సందర్భమున మనవారిని తరచుగా కలవరపెట్టు సంగతులు నాలుగు.

మొదటిది, నగదు జీతము. చేతికి నగదు ఇచ్చినను, వ్రాతపూర్వకమైన ఒప్పందము లేకున్నను, నోటిమాటపై చేరినను కార్మికుడు కార్మికుడే.

రెండవది, కాంట్రాక్టరను పేరు. యజమాని “నీవు స్వతంత్రుడవు, పనివాడవు కావు” అని కాగితము వ్రాయించుకొనినను బోర్డు ఆ కాగితముతో ఆగదు. పనిముట్లు ఎవరివి, పనివేళలు ఎవరు నిర్ణయింతురు, లాభనష్టములు ఎవరివి అని విచారించును. నిజముగా స్వతంత్రముగా వ్యాపారము చేసికొనువారికి మాత్రము సాధారణముగా తమంతట తాము బీమా తీసికొననిదే రక్షణ లేదు. కట్టడపు పనులలో 2013 జనవరి 1 నుండి స్వతంత్రులలో కూడ చాలమందికి బీమా తప్పనిసరి అయినది.

మూడవది, ఏజెన్సీ పని. గిడ్డంగికి మనిషిని పంపునది తాత్కాలిక ఉద్యోగ ఏజెన్సీ ఐనచో, చట్టము దృష్టిలో ఆ ఏజెన్సీయే యజమాని. జీతపు చీటిపై ఉన్న పేరును చూచుకొనవలెను.

నాలుగవది, వీసా. విద్యార్థి అనుమతితో వచ్చినవాడు, తాత్కాలిక అనుమతితో పనిచేయువాడు కూడ కార్మికుడే. పౌరసత్వము లేదను కారణమున పరిహారము నిరాకరింపబడదు.

జాబితాలకు వెలుపలనున్న పనులు

కొన్ని వ్యాపారములు తప్పనిసరి బీమాకు వెలుపల ఉన్నవి. బ్యాంకులు, బీమా కంపెనీలు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ తయారుచేయు సంస్థలు, ప్రైవేటు డేకేర్‌లు, ట్రావెల్ ఏజెన్సీలు, క్షౌరశాలలు, ఫోటోగ్రాఫర్లు ఇట్టివి. ఈ యజమానులు తమ ఇష్టముతో బోర్డులో చేరవచ్చును. చేరనిచో అక్కడి కార్మికునికి ఉమ్మడి నిధి నుండి పరిహారము రాదు.

అట్టివారి కొరకు 1997 చట్టములోని పదవ భాగము న్యాయస్థానపు తలుపు తెరచి ఉంచినది. యంత్రములలో గాని, కట్టడములో గాని, పని జరుగు స్థలములో గాని లోపమువలన గాయపడినచో యజమానిపై దావా వేయవచ్చును. యజమాని అజాగ్రత్తవలన గాని, తోటి పనివాని అజాగ్రత్తవలన గాని గాయపడినను దావా వేయవచ్చును. పైన చెప్పిన మూడు కవచములను ఈ భాగము తొలగించినది. ప్రమాదము ముందే తెలియునన్న ఒక్క కారణమున కార్మికుడు దానిని అంగీకరించినట్లు కాదు. అతనిది కొంత తప్పున్నను దావా పోదు, పరిహారము మాత్రము ఆ మేరకు తగ్గును.

ఐతే ఈ మార్గము కష్టమైనది. తప్పును నిరూపించవలసినది కార్మికుడే. ఒంటారియోలో సాధారణముగా దావా గడువు రెండు సంవత్సరములు. కావున వెంటనే న్యాయవాదిని కలిసికొనవలెను. యజమాని వేరే కంపెనీ నుండి తీసికొనిన ప్రైవేటు బీమా ఏదైన ఉన్నదేమో అడుగవలెను.

ఏ మార్గము తనదో కార్మికుడు తానే ఊహించి నిర్ణయించుకొనరాదు. జాబితాలోని పరిశ్రమలో పనిచేయువాడు యజమానిపై దావా వేయలేడు. దావా హక్కు ఉన్నదా లేదా అను వివాదమును వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ ఇన్సూరెన్స్ అప్పీల్స్ ట్రిబ్యునల్ తీర్చును. సందేహమున్నచో మొదట బోర్డుకు దరఖాస్తు పెట్టి, అదే సమయమున న్యాయసలహా తీసికొనుట మేలు.

గాయపడిన దినము నుండి చేయవలసినది

1. వెంటనే వైద్యము చేయించుకొనవలెను. వైద్యునితో “ఇది పనిలో తగిలిన గాయము” అని స్పష్టముగా చెప్పవలెను. అప్పుడు వైద్యుడు ఎనిమిదవ నమూనా పత్రమును బోర్డుకు పంపును. ఆసుపత్రికి పోవు ప్రయాణపు ఖర్చు, ఆ దినపు పూర్తి జీతము యజమాని ఇయ్యవలెను.

2. యజమానికి తెలుపవలెను. నోటితో చెప్పినను, తరువాత సందేశము గాని ఉత్తరము గాని పంపి నకలు దాచుకొనవలెను. వైద్యము అవసరమైన గాయమును గూర్చి యజమాని మూడు పనిదినములలో బోర్డుకు ఏడవ నమూనా పత్రము పంపవలెను.

3. యజమాని పంపినను పంపకున్నను, కార్మికుడు తన ఆరవ నమూనా పత్రమును తానే బోర్డుకు పంపవలెను. ప్రమాదము జరిగిన దినము నుండి గడువు 6 నెలలు. పనివలన వచ్చిన వ్యాధి ఐనచో, ఆ సంగతి తెలిసిన దినము నుండి 6 నెలలు. గడువు దాటినను న్యాయమైన కారణమున్నచో బోర్డు దానిని పొడిగింపవచ్చును. కాని దానిపై ఆశ పెట్టుకొనరాదు.

4. సాక్ష్యములు పోగుచేయవలెను. జీతపు చీట్లు, బ్యాంకు లెక్కలు, ఫోను సందేశములు, పనివేళల పట్టికలు, యంత్రపు ఛాయాచిత్రము, ప్రక్కనున్నవారి పేర్లు. నమోదు కాని యజమాని “వీడెవడో నేనెరుగను” అనవచ్చును. అప్పుడు ఇవియే మాటలాడును.

5. బోర్డు నిరాకరించినచో అప్పీలు చేయవలెను. తిరిగి పనిలో చేర్చుటకు సంబంధించిన నిర్ణయములపై అభ్యంతరమునకు 30 దినములు, ఇతర నిర్ణయములపై 6 నెలలు గడువు. ఉత్తరములోనే ఆ గడువు వ్రాసియుండును. ఉత్తరము అర్థము కానిచో దాచి ఉంచక ఎవరికైన చూపవలెను.

ఏమి దొరకును

దరఖాస్తు అంగీకరింపబడినచో వైద్యము, మందులు, వ్యాయామ చికిత్స మొదలగు ఖర్చులు బోర్డు భరించును. పని చేయలేని కాలమునకు, గాయపడిన మరునాటి నుండి, పోయిన ఆదాయమునకు బదులు లభించును. 1997 చట్టము దీనిని నికర ఆదాయ నష్టములో 85 శాతముగా నిర్ణయించెను. అంతకు ముందు 90 శాతము ఉండెను. శాశ్వతమైన లోపము మిగిలినచో దానికి వేరుగా సొమ్ము కలదు. కార్మికుడు మరణించినచో భార్యకు లేక భర్తకు, పిల్లలకు భృతి కలదు. 20 మంది లేక అంతకు మించి పనివారున్నచోట ఒక సంవత్సరము వరుసగా పనిచేసినవానిని తిరిగి పనిలో చేర్చుకొను బాధ్యత కూడ యజమానికి కలదు. కట్టడపు పనులకు వేరే నిబంధనలున్నవి.

నమ్మరాని మాటలు

“ఈ కాగితముపై సంతకము చేయుము, పరిహారము అడుగనని వ్రాయుము.” అట్టి ఒప్పందము చెల్లదు. చట్టపు హక్కును కార్మికుడు సంతకముతో వదులుకొనలేడు.

“బోర్డు చందా నీ జీతములో కోసితిని.” చందా యజమానిదే. జీతములో కోయుట నేరము.

“దరఖాస్తు పెట్టినచో పని ఊడును.” దరఖాస్తు పెట్టకుండ కార్మికుని బెదిరించుట, ఆశచూపుట చట్టవిరుద్ధము. ప్రమాదకరమైన పనిని నిరాకరించు హక్కు కూడ వేరొక చట్టమువలన కార్మికునికి కలదు. దానికై పగ తీర్చుకొనరాదు.

“నేను రోజుకు కొంత ఇచ్చెదను, బోర్డు వద్దు.” రెండు వారములు ఇచ్చి మానివేయువారున్నారు. గాయము మానక మిగిలినచో ఆరు నెలల గడువు గడచిపోవును.

సహాయము ఎక్కడ దొరకును

సంఘము లేని కార్మికులకు ఒంటారియో ప్రభుత్వపు ఆఫీస్ ఆఫ్ ది వర్కర్ అడ్వైజర్ ఉచితముగా సలహా ఇచ్చును. సంఘమున్నవారు సంఘపు ప్రతినిధిని అడుగవలెను. ఆదాయము తక్కువగా ఉన్నవారికి మన ప్రాంతమున వాటర్లూ రీజియన్ కమ్యూనిటీ లీగల్ సర్వీసెస్ కలదు. బోర్డుతో మాటలాడునప్పుడు దుబాసిని కోరవచ్చును. ఆంగ్లము సరిగా రాని పెద్దలు సిగ్గుపడి ఊరకుండనక్కరలేదు.

ఇతర దేశములలోని మన బంధువులకు

ఇచ్చటి పద్ధతి అన్నిచోట్ల ఒకటి కాదు. భారతదేశమున 1923లో చేయబడిన కార్మిక పరిహార చట్టము బాధ్యతను ఒక్కొక్క యజమానిపై పెట్టెను. ఆ చట్టము ప్రకారము బీమా ఉన్నను లేకున్నను యజమానియే బాధ్యుడై యుండెను. అతడు ఇయ్యనిచో కమిషనరు యెదుట అడుగవలసి యుండెను. యజమాని యొద్ద ధనము లేనప్పుడు ఆ పద్ధతిలోని కష్టము తెలియును. మలేషియాలో 1969లో చేయబడిన చట్టము ఉమ్మడి నిధిని ఏర్పరచెను. అక్కడివారు దానిని పెర్కెసో అందురు. ఏ దేశములో నున్నవారు ఆ దేశపు గడువును, నియమమును విచారించుకొనవలెను.

ఆలయ సమితులకు ఒక మనవి

కేంబ్రిడ్జ్ నగరము 1973లో గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ పట్టణములు కలిసి ఏర్పడినది. నదుల ఒడ్డున ఉన్ని మిల్లులతో పెరిగిన ఊళ్ళివి. నేడును కార్ఖానాలు, గిడ్డంగులు మనవారికి అన్నము పెట్టుచున్నవి. కావున ఈ సంగతి మన సమితులకు తెలియుట అవసరము. వంటవానిని, ఊడ్చువానిని జీతమునకు పెట్టుకొనిన సమితి కూడ యజమానియే. మనము నమోదు చేసుకొనవలెనా లేదా అని బోర్డును అడిగి, జవాబును వ్రాతలో తీసికొని దస్త్రములో ఉంచవలెను.

మా ఆలయములో ఇప్పుడు చెప్పులు విడుచుచోట గోడపై ఒక కాగితము అంటించితిమి. “పనిలో గాయమైనదా? వైద్యునికి నిజము చెప్పండి. ఆరు నెలలలోపల బోర్డుకు వ్రాయండి. యజమానికి బీమా లేకున్నను వ్రాయండి” అని దానిపై ఉన్నది. గాయపడినవారి కొరకు ఇప్పటికిని పళ్ళెము త్రిప్పుచునే ఉన్నాము. దానికంటె ముందు ఆరవ నమూనా పత్రము నింపించుచున్నాము.